పొగ పద్దులు

(నూజివీటి పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



మామిడితోటల సీమకు వచ్చి లెక్కను గూర్చి మాటలాడుట సాహసమే. పూత చూచి కాయను, కాయ చూచి రూపాయిని లెక్కకట్టు నేర్పరులు ఇచ్చట వీధికొకరు గలరు. మాఘమాసమున తోటలో ఒక్కసారి తిరిగివచ్చి, ఇన్ని టన్నులు దిగునని చెప్పి, ఆ మాటమీద లక్షలు గుత్త కట్టు వర్తకుని చూచినప్పుడు మావంటి న్యాయవాదులు ఆశ్చర్యపడవలసినదే. అతని అంచనా ఒక్కొక్కప్పుడు తప్పును. తప్పినచో వైశాఖమున పండు కాటామీద పడునప్పుడు ఆ తప్పు బయటపడును; నష్టమో లాభమో వానికే తగులును. అంచనాకు కాటా తీర్పరి. నేడు మేము చెప్పబోవు లెక్కలోని సరుకు కంటికి కనబడదు, కాటాపై నెక్కదు, లెక్క తప్పినను తప్పినవానికి వెంటనే నష్టము కలుగదు. అది గాలి లెక్క.

దాదాపు పాతికేండ్లనుండి ప్రపంచమునందలి పెద్ద కంపెనీలు, తమ పనివలన ఎన్ని టన్నుల హరితగృహ వాయువులు ఆకాశమునకు చేరుచున్నవో తమంతట తామే లెక్కించుకొని, ఏటేట పుస్తకములుగా ప్రకటించుచున్నవి. ఆరంభమున వారిని నిర్బంధించిన చట్టము లేదు. హైదరాబాదు మందుల కంపెనీలును, విమానాశ్రయమును, గోదావరి గట్టున సారపాకలోని కాగితపు మిల్లును ఈ పని చేయుచున్నవి. వారి పద్దులతో మనకేమి పని యని మీరడుగవచ్చును. ఆ పద్దులలో కొన్ని గళ్లు మన తోటలవి, మన ప్యాకింగు షెడ్లవి, మన లారీలవి. ఆ గళ్లను మనము నింపనిచో మరియొకరు నింపుదురు. నేటి ప్రసంగమునకు కారణ మిదియే.

మొదట సరుకును తెలిసికొందము. మన పూర్వపు పాఠ్యపుస్తకములలో 'బొగ్గుపులుసు వాయువు' అనుచుండిరి. ఆ పేరు మాకిప్పటికిని ఇష్టము, ఏలయనగా బొగ్గుతో దానికి గల చుట్టరికము పేరులోనే యున్నది. 1958లో హవాయి ద్వీపమునందు మౌనాలోవా కొండపై చార్లెస్ కీలింగు అను శాస్త్రజ్ఞుడు గాలిలో దీని పాలు కొలుచుట కారంభించినప్పుడు పదిలక్షల వంతులలో సుమారు 315 వంతులుండెను. 2024లో అది సగటున 424కు మించినది. భూమిపైకి వచ్చిన వేడిని తిరిగి పోనీయక పట్టి యుంచుట దీని గుణము. చలిరాత్రులు చాలక పూత చెదరుటయు, పిందె నిలిచినతరువాత ఎండకు రాలుటయు ఎరిగినవారికి వేడి యనగా నేమో మేము చెప్పనక్కరలేదు. 2015 వేసవిని మరచినవారును ఈ సభలో నుండరు.

ఈ వాయువొక్కటియే కాదు. 1997లో క్యోటో నగరమున దేశములు కూడి ఆరు జాతులను పేర్కొనినవి. 2012లో ఏడవది చేరినది. వరిమడినుండి, పశువుల కడుపునుండి, చెత్తకుప్పనుండి పుట్టు మీథేను. ఎరువు వేసిన నేలనుండి లేచు నైట్రస్ ఆక్సైడు. శీతల యంత్రములలో తిరుగు కృత్రిమ వాయువులు ఇందులోనివే. రూపాయిని, పౌనును, డాలరును ఒకే చిట్టాలో వ్రాయవలెనన్న మారకపు రేటు కావలెను గదా. ఇచ్చటను అట్టి రేటు కలదు. నూరేండ్ల గడువున బొగ్గుపులుసు వాయువు ఒక పాలు వేడి పట్టినచో, అంతే బరువు మీథేను సుమారు 28 పాళ్లు, నైట్రస్ ఆక్సైడు 273 పాళ్లు పట్టును. చల్లని లారీలలో వాడు ఆర్ 404ఏ యను వాయువు రమారమి 3,900 పాళ్లు. అట్టి లారీనుండి ఒక కిలో వాయువు కారిపోయినచో 1,450 లీటర్ల డీజిలు కాల్చినంత పద్దు. పాత కోల్డుస్టోరేజీలలోని అమ్మోనియా కొంచెము కారినను పేటవారెల్లరు ముక్కు మూసికొని పరుగెత్తుదురు; ఈ లెక్కలో మాత్రము దాని పద్దు సున్న. వాసన వేయనిదే పెద్ద బాకీదారు. ముక్కును నమ్ముకొని ఈ చిట్టా వ్రాయలేము.

కంపెనీలు ఈ వాయువును పొగగొట్టము చివర పట్టి తూచునని కొందరనుకొనుచున్నారు. అట్టిది బహు స్వల్పము. సాధారణముగా జరుగునది గుమాస్తా పని. డీజిలు బిల్లులు, కరెంటు బిల్లులు, బొగ్గు రసీదులు, ఎరువుల ఇన్వాయిసులు తెచ్చి, ఒక్కొక్క దానిని శాస్త్రజ్ఞులు నిర్ణయించిన గుణకముచే హెచ్చవేయుదురు. లీటరు డీజిలు కాలినచో సుమారు 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వచ్చును. కిలో యైన తూగని డీజిలునుండి రెండున్నర కిలోలకు మించిన గాలి ఎట్లు వచ్చునని సందేహము కలుగుట సహజము. డీజిలులోనిది బొగ్గు మాత్రమే. దానితో కలియు ప్రాణవాయువు బయటిగాలిది. 12 పాళ్ల బొగ్గు 32 పాళ్ల ప్రాణవాయువును కూడి 44 పాళ్లగును.

యూరియాబస్తా నొకదానిని లెక్కింతము. నేటి బస్తా 45 కిలోలు. అందు నూటికి 46 వంతులు నత్రజని, అనగా 20.7 కిలోలు. నేలకు వేసిన నత్రజనిలో నూటికొకవంతు నైట్రస్ ఆక్సైడుగా లేచునని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము సామాన్య గుణకము నిర్ణయించినది. ఆ లెక్కన సుమారు మూడోవంతు కిలో నైట్రస్ ఆక్సైడు. దానిని 273చే హెచ్చవేసినచో 89 కిలోలు. యూరియా నేలలో కరగునప్పుడు విడిచిపోవు బొగ్గుపులుసు వాయువు మరి 33 కిలోలు. వెరసి ఒక్క బస్తాకు 122 కిలోలు. కర్మాగారములో దానిని చేయుటకైన ఇంధనము వేరు. 45 కిలోల బస్తా తన బరువునకు రెండున్నర రెట్లకు మించి గాలిని పుట్టించుచున్నది. అయితే నూటికొకవంతు అను మాట ప్రపంచపు సగటు. నూజివీటి ఎఱ్ఱనేలలో, తడి తక్కువ తోటలో, పాదు చుట్టును వేసి మన్ను కప్పిన ఎరువునకును, నీరు నిలిచిన చేనిలో చల్లినదానికిని అది ఒక్కటే కానేరదు. గుత్తవర్తకుని కంటిచూపు అంచనాకును దీనికిని భేదమేమనగా, వర్తకుడు ఈ తోటనే చూచి చెప్పుచున్నాడు. గుణకము ఏ తోటను చూడలేదు.

ఇక ఈ పద్దుల విధాన మెవ్వరిది? అమెరికాలోని ప్రపంచ వనరుల సంస్థయు, జెనీవాలోని వ్యాపార సంస్థల మండలి యొకటియు కూడి 2001లో ఒక పద్ధతి ప్రకటించి 2004లో సవరించినవి. అదియే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. నేడు లోకమందలి కంపెనీల పద్దులలో అధికభాగము దాని ననుసరించియే వ్రాయబడుచున్నవి. 2011లో కొనుగోలు అమ్మకముల గొలుసునకు, 2015లో కరెంటుకు వేర్వేరు నిబంధనలు చేర్చిరి. మన దేశమున ఆ ప్రపంచ వనరుల సంస్థ శాఖయు, పరిశ్రమల సమాఖ్యయు, టెరి సంస్థయు కలిసి 2013లో స్వచ్ఛంద కార్యక్రమ మొకటి నెలకొల్పినవి.

ఆ పద్ధతికి ప్రాణము మూడు పరిధుల విభాగము. దీనిని స్కోపు 1, స్కోపు 2, స్కోపు 3 అందురు. పుస్తకభాషలో చెప్పినచో తల తిరుగును గాని, మనకు పడమరనున్న ఇబ్రహీంపట్నపు పొగగొట్టములను చూచినచో క్షణములో తెలియును. నార్ల తాతారావుగారి పేరుగల ఆ విద్యుత్కేంద్రమున మొదటి యంత్రము 1979లో తిరిగినది. అచ్చట బొగ్గు కాలి వచ్చు వాయువు ఏపీజెన్‌కో పుస్తకమున స్కోపు 1. తన పొయ్యి, తన పొగ. ఆ కరెంటుతో నూజివీటిలో ఒక శీతల గిడ్డంగి నడచుచున్నదనుకొందము. గిడ్డంగివాడు పొగను చూడలేదు, బిల్లు మాత్రము చెల్లించుచున్నాడు; వాని పుస్తకమున అదియే పొగ స్కోపు 2. ఆ గిడ్డంగిలో పండు నిలువచేసి రసము తీయించి అమ్మునది హైదరాబాదు కంపెనీ. దాని పుస్తకమున అదియే స్కోపు 3. ఒకే పొగ మూడు చిట్టాలలో ఎక్కినది. ఇది దొంగలెక్క కాదా యని మొదట మాకును తోచెను. కాని, మూడు చిట్టాలను కలిపి కూడినప్పుడు మాత్రమే అది తప్పు. ఒకే వందరూపాయలు రైతునకు జమ, వర్తకునకు ఖర్చు, బ్యాంకునకు బదిలీ యైనట్లు, ఒకే పొగపై ముగ్గురికిని మూడు విధములైన అధికారము కలదు. జెన్‌కో బొగ్గును తగ్గించవచ్చును. గిడ్డంగివాడు యూనిట్లను తగ్గించవచ్చును. కంపెనీవాడు ఎచ్చట నిలువచేయవలెనో నిర్ణయింపవచ్చును.

యూనిటుకు పొగ యెంత? దేశపు కరెంటంతటికిని, బొగ్గు, నీరు, గాలి, ఎండ, అణువు కలిపి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నుండి గుణకములు ప్రకటించుచున్నది. కొలది సంవత్సరములుగా అది యూనిటుకు 0.7 కిలోల పైచిలుకు. అయిదు హార్సుపవరు మోటారు గంటసేపు నడచినచో సుమారు మూడు కిలోలు. ఎన్ని గంటలు నడచినదో చెప్పుటయే కష్టము. 2004 నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. బిల్లు లేనిచోట మీటరును చూచువారు లేరు, పెక్కు బోర్లకు మీటరే లేదు. మీటర్లు పెట్టుట మంచిదా కాదా యను వివాదములోనికి మేము పోము. లెక్కకు సంబంధించినంతవరకు మాత్రము, మామిడితోట పంపు ఎంత తాగుచున్నదో రైతు ఎరుగడు, కరెంటు కంపెనీ అంచనా వేయును, ఆ అంచనాపై మరియొక అంచనా లేచును. దీనినే మనవారు కాకిలెక్క లనుట.

పొగ యెవరిదను ప్రశ్న వచ్చినప్పుడు మావంటి వకీళ్లకు ఉత్సాహము కలుగును. మన సీమలో తోట యొకరిది, గుత్త యొకరిది. దున్నకము, మందుకొట్టు, నీరు పెట్టు గుత్తదారుడే చేయించినచో ట్రాక్టరు డీజిలు ఎవరి స్కోపు 1? ప్రోటోకాలు చెప్పు సమాధానము మన రెవెన్యూ చట్టములకు దూరము కాదు: స్వామ్యము కాదు, ఆచరణలో పెత్తనమెవరిదో చూడుమనును. పెత్తనము గుత్తదారునిదైన పొగయు వానిదే. యజమాని పుస్తకమున అది స్కోపు 3. లేక భాగస్వామ్యపు వాటాను బట్టి పంచుకొనవచ్చును. ఏదో యొక పద్ధతిని వరించి, దానిని ఏటేట మార్చకుండుట ముఖ్యము.

శంషాబాదు విమానాశ్రయము 2008లో తెరువబడినది. తరువాత విమానాశ్రయముల అంతర్జాతీయ పథకము క్రింద 'కార్బన్ తటస్థము' అను గుర్తింపు పొందినది. సౌరవిద్యుత్తును పెంచినది, ఇది అబద్ధము కాదు, మెచ్చుకొనదగినదే. అయితే ఆ తటస్థత విమానాశ్రయపు సొంత వాహనములకు, దీపములకు, శీతలయంత్రములకు సంబంధించినది. అచ్చటనుండి లేచిపోవు విమానముల రెక్కలలో కాలు చమురు విమాన కంపెనీల పద్దు. పత్రికలో శీర్షిక చదివిన సామాన్యుడు విమానయానమే పొగలేనిదైనదని సంతోషించును. గీత యెచ్చట గీసిరో చూడక మొత్తమును చదువుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది.

గీత యనగా జ్ఞప్తికి వచ్చినది. 2022 ఏప్రిలులో నూజివీడు కృష్ణాజిల్లానుండి ఏలూరుజిల్లాకు మారినది. ఆ యేడు కృష్ణాజిల్లా మామిడి తోటలు ఒక్కసారిగా తరిగిపోయినవని ఎవడైన గొప్ప పరిశోధన చేసినచో మనము నవ్వుదుము. చెట్టు కదలలేదు, గీత కదలినది. కంపెనీ తన పొగగల కర్మాగారము నొకదానిని ఇతరునకు అమ్మి, 'మా పొగ సగమైన'దని వ్రాసికొన్నచో అదియు నిట్టిదే. అందుచేతనే ప్రోటోకాలు ఒక ఆధార సంవత్సరము పెట్టుకొమ్మని, కంపెనీ స్వరూపము మారినప్పుడెల్ల ఆ పాత సంవత్సరపు పద్దును సవరించి వ్రాయుమని శాసించుచున్నది. వార్షిక నివేదికలో ఆధార సంవత్సరము కనబడనిచో తక్కిన అంకెలు చదువుట కాలహరణమే.

ఇప్పుడు మన గళ్లకు వత్తము. స్కోపు 3లో 15 తరగతులు. కొన్న సరుకు, రవాణా, వ్యర్థము, ఉద్యోగుల రాకపోకలు, అమ్మినవస్తువు వాడుక మొదలగునవి. ఆహారవస్తువుల వ్యాపారములో అధికభాగము పొగ ఇచ్చటనే యుండును. పొలము, ఎరువు, లారీ కంపెనీవి కావు గదా. నూజివీటినుండి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి సుమారు 1,800 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడచు లారీకి 450 లీటర్లు, సుమారు 1,200 కిలోల వాయువు. 15 టన్నుల పండు మోసినచో కిలో బంగినపల్లికి 80 గ్రాములు. లారీ వట్టిగా తిరిగివచ్చినచో రెట్టింపు. ఆ పండే విమానమెక్కి లండను చేరినచో తన బరువునకు కొన్ని రెట్లు. పరదేశపు బల్లపైనున్న పండునకు పొగ యెక్కువ యని మన తోటను నిందించువాడు, ఆ పొగలో అధికభాగము ఆకాశములో పుట్టినదని గ్రహింపవలెను.

పెద్ద కొనుగోలుదారులు తమ సరఫరాదారులకు ప్రశ్నపత్రములు పంపుచున్నారు. ఎంత ఎరువు, ఎంత డీజిలు, ఎన్ని యూనిట్లు. ఇవి నింపనిచో ఏమగును? ఎవరును వచ్చి జరిమానా వేయరు. ఆ గడిలో కంపెనీ గుమాస్తా 'మామిడి, ఇండియా' అని ఏదో పట్టికనుండి సగటు తీసి వ్రాసికొనును. పశువుల ఎరువుతో, బిందుసేద్యముతో, ఒకటి రెండు దుక్కులతో తోట సాకువానికిని, బస్తాలు కుమ్మరించువానికిని అదే అంకె. శ్రద్ధ గలవాడు అశ్రద్ధవాని బాకీలో వాటా మోయవలసివచ్చును. దిగుబడిలో మన చిన్నరసమును బంగినపల్లితో కలిపి ఒకే ధర కట్టుమన్న ఊరుకొందుమా?

ఇచ్చట చట్టపుమాట కొంచెము చెప్పవలెను, ఏలయనగా దళారులు కొందరు చట్టము పేరు చెప్పి రైతులను భయపెట్టుట వినుచున్నాము. కంపెనీల బాధ్యతను గూర్చి కేంద్రప్రభుత్వము 2009లో స్వచ్ఛంద మార్గదర్శకములు జారీచేసినది; 2011లో వానిని విస్తరించినది. 2012లో సెబీ నూరు పెద్ద కంపెనీలను నివేదిక ఇయ్యవలసినదని నిర్బంధించినది. 2015లో అయిదువందలు, 2019లో వేయి. 2021లో నూతన ఫారము వచ్చినది. 2022-23 నుండి వేయి కంపెనీలకు అది విధి. అందు స్కోపు 1, స్కోపు 2 తప్పనిసరి. స్కోపు 3 ఇష్టాధీనము. 2025 మార్చిలో సెబీ, పెద్ద 250 కంపెనీలు తమ కొనుగోలు గొలుసును గూర్చి తెలుపుట స్వచ్ఛందమే యని మరల స్పష్టపరచినది. అదియు కొనుగోళ్లలోగాని అమ్మకములలోగాని నూటికి రెండు వంతులు, అంతకు మించి గల భాగస్వాములను గూర్చి. నూజివీటి రైతు ఏ పెద్ద కంపెనీకిని నూటికి రెండు వంతుల భాగస్వామి కాడు. కనుక మీచే సంతకము చేయించుటకు ఏ చట్టమును లేదు. ఉన్నది వ్యాపారపు ఒత్తిడి మాత్రమే. యూరోపుయూనియను సరిహద్దు కార్బను పన్ను మామిడికి వర్తించునను వదంతియు తప్పే; అది ఇనుము ఉక్కు, సిమెంటు, అల్యూమినియము, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజనులకు సంబంధించినది.

స్వచ్ఛందముగా మొదలైనది క్రమముగా విధిగా మారుట గమనింపుడు. 2023 జూనులో కేంద్రము కార్బను క్రెడిట్ల వ్యాపార పథకము ప్రకటించినది. 2025 అక్టోబరులో సిమెంటు, అల్యూమినియము, క్లోర్ ఆల్కలీ, కాగితము గుజ్జు పరిశ్రమలకు టన్ను ఉత్పత్తికి ఇంత పొగ అను హద్దులు విధించినది. జగ్గయ్యపేట సీమలోని సున్నపురాతి కొలుములు ఈ కోవలోనివి. సిమెంటు కష్టము వేరు. శుద్ధమైన సున్నపురాయి నూరు కిలోలు కాల్చినచో 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై పోవును. ఇది రాతిలోనిదే, బొగ్గును మానినను మానదు. ఇంధనపు పొగ దీనికి అదనము. కాబట్టి సిమెంటువాడు తన చిట్టాలో చెప్పు సాకులన్నియు సాకులు కావు.

తమ తప్పును తామే వ్రాసికొను చిట్టాను నమ్మవచ్చునా? న్యాయస్థానమున సాక్షి, సత్యమును, సంపూర్ణ సత్యమును, సత్యము తప్ప వేరేమియు చెప్పనని ప్రమాణము చేయును. కంపెనీ నివేదికలలో అసత్యము తరచుగా ఉండదు. కొరతపడునది రెండవమాట, సంపూర్ణసత్యము. టన్ను సరుకునకు పొగ తగ్గినదని పెద్ద అక్షరములతో వ్రాసి, సరుకు రెట్టింపై మొత్తము పొగ పెరిగినదను సంగతిని పట్టికలో అడుగున ఉంచుట సాధారణము. కరెంటు విషయమున మరియొక చమత్కారము కలదు. ఎచ్చటనో గాలిమరతో పుట్టిన విద్యుత్తునకు ఇచ్చు ధ్రువపత్రమును కొని, ఇబ్రహీంపట్నపు కరెంటు వాడుకొనుచునే స్కోపు 2 సున్న యని వ్రాయవచ్చును. అందుకే 2015 నిబంధనలు రెండు అంకెలను వ్రాయుమనినవి: తీగలో నిజముగా వచ్చినదాని లెక్క యొకటి, కొన్న పత్రముల లెక్క యొకటి. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వంటి కంపెనీలు 2030 నాటికి తమ విద్యుత్తంతయు పునరుత్పాదక మూలములదే కాగలదని ప్రకటించినప్పుడు, ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి ఏటేట చూచుట పాఠకుని పని. తనిఖీదారునకు జీతమిచ్చువాడు తనిఖీ చేయించుకొనువాడే యగుటచే కంచె చేను మేయునను భయమును కలదు. 2023 నుండి సెబీ కొన్ని ముఖ్యాంకెలకు బయటివారి నిర్ధారణ కోరుచున్నది. మా అనుభవములో ఏ సాక్షియైనను ఎదురు ప్రశ్న కలదని తెలిసినప్పుడు మాత్రమే జాగరూకతతో మాటలాడును. అట్టి ప్రశ్న వేయువారు మన పత్రికలలో, పఠనమందిరములలో నున్నారా?

ఈ గొడవ అంతయు పాశ్చాత్యుల పాపము, మనకేల ఈ పద్దులని యువకులు కొందరు కోపగించుచున్నారు. వారి కోపమున న్యాయము కలదు. ఏడాదికి మనిషికి మన దేశపు బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు. అమెరికా వానిది సుమారు 14. కాని ఆ న్యాయమును నిరూపించినది అంకెలే గదా. దాదాభాయి నౌరోజీ 1876లో ప్రభుత్వపు లెక్కలనే తీసికొని, 1867-68లో భారతీయుని సగటు ఆదాయము 20 రూపాయలని తేల్చెను. దొరలను వారి లెక్కతోనే నిలవేసెను. 2024 డిసెంబరులో మన దేశము ఐక్యరాజ్యసమితికి పంపిన నివేదికలో 2020 సంవత్సరపు మొత్తము, అడవులు పీల్చినది తీసివేయకమునుపు, 295.9 కోట్ల టన్నులని వ్రాసినది. వ్యవసాయము వంతు నూటికి 13.7. డెల్టా వరిమళ్ల మీథేను ఏ కంపెనీ చిట్టాలో సరిగా ఎక్కకున్నను ఇందులో ఎక్కినది. లెక్క వ్రాయని దేశమునకు వాదము లేదు, ఊరికిని అంతే.

చెట్లు పీల్చునది మాటేమి, మా తోటలకు జమ లేదా యని అడిగిరి. కలదు, కాని మీరనుకొన్నంత కాదు. నలువదేండ్ల చెట్టులో నిలిచియున్న బొగ్గు ఎప్పుడో జమ పడినది. కొత్తగా జమయగునది కొత్త పెరుగుదల మాత్రమే. పండులోనిది తిన్నవాని ఊపిరిలో తిరిగి గాలికి పోవును. కార్బను క్రెడిట్లకు 'ఈ పథకము లేకున్న ఈ చెట్టు నాటబడకుండెడిది' అని చూపవలెను; వందలేండ్ల మామిడిసీమలో అది చూపుట కష్టము. అరకులోయలో నాంది ఫౌండేషను ఆధ్వర్యమున గిరిజన రైతులు కాఫీతో పాటు మామిడి మొదలగు పండ్ల మొక్కలు లక్షలాదిగా నాటిరి. ఫ్రెంచికంపెనీలు ప్రధానముగా చేరిన లైవ్లీహుడ్స్ నిధి ముందుగా పెట్టుబడి పెట్టినది. క్రెడిట్లు ఆ కంపెనీలకు, ఫలసాయము రైతులకు. అచ్చట బోడికొండ పచ్చనైనది కనుక వాదము నిలిచినది.

నూజివీటి తోటలకు క్రెడిట్లు తెచ్చిపెట్టుదుమని ఒప్పందపు కాగితములతో ఎవరైన వచ్చినచో నాలుగు సంగతులు చూడుడు. గడువెన్నియేండ్లు; ఇరువది, ముప్పది యేండ్లు వ్రాసి, నడుమ చెట్టు కొట్టినచో నష్టపరిహారము రైతుపై పెట్టుచున్నారా? తోట గుత్తకిచ్చిన, అమ్మిన, కొడుకులు పంచుకొనిన ఆ బంధము ఎవరికి తగులును? కొలుచు ఖర్చు ఎవరిది? అమ్మిన ధరలో మన వాటా ఎంత, ఆ ధరను మనకు చూపుదురా? ఇంగ్లీషున మాత్రమే యున్న కాగితమైనచో తెలుగు ప్రతి యడుగుడు.

కొనుగోలుదారుని ప్రశ్నపత్రము సంగతి వేరు. దానికి మాత్రము జవాబు సిద్ధముగా నుంచుకొనుట లాభము. అందుకు పండితు లక్కరలేదు. ఒక నోటుపుస్తకమున ఎరువు బస్తాలు తేదీవారీగా, ట్రాక్టరు డీజిలు లీటర్లలో, పంపు నడచిన గంటలు, మందుల ఖర్చు, దిగిన పండు టన్నులలో వ్రాసినచో చాలును. శీతల గిడ్డంగివారు మరియొక్కటి: ఏడాదిలో యంత్రములో మరల నింపిన వాయువు ఏది, ఎన్ని కిలోలు, కారినది అంతయే గనుక, సిలిండరు రసీదు దాచినచో లెక్క తేలును. గుత్త కాగితములో డీజిలు, ఎరువుల లెక్క గుత్తదారుడు యజమానికి చూపవలెనను వాక్యమొకటి చేర్పించుకొనుడు. రాబోవు గుత్తలకు అట్టి వాక్యము నమూనా తెలుగున వ్రాసి ఈ మందిరపు బల్లపై నుంచినాము. ఇప్పటికే ఎవరికైన ప్రశ్నపత్రములు వచ్చియున్నచో సంతకము చేయకమునుపు ఇచ్చటికి తీసికొనిరండు. ఆదివారము సాయంకాలము మేమును, మా కార్యకర్తలును ఇచ్చటనే యుందుము.